మూడు రోజులకో చుక్క

మైగ్రేన్ ఉన్నవాడికి ఇంకేది కరువైనా సలహాలు మాత్రం కరువవ్వవు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో, పరీక్ష మధ్యలో, ప్రశ్నపత్రం మీద కుడివైపు అక్షరాలు మాయమైపోయి వాటి చోట వెండి జిలుగు గీతలు కదలడం మొదలైంది. అరగంట తర్వాత ఎడమ కణతలో సుత్తి. అదే మొదటిసారి. అమ్మ శొంఠి అరగదీసి పట్టు వేసింది. మామయ్య పొద్దు పొడవకముందే పాలల్లో జిలేబీ నానబెట్టుకుని తినమన్నాడు. (జిలేబీ బాగుంది. నొప్పి తగ్గలేదు.) మా తాతగారు దీన్ని పార్శ్వపు నొప్పి అనేవారు. సుశ్రుతుడు అర్ధావభేదకం అన్నాడు, సగం తలని చీల్చేది అని. పేరు పెట్టినవాడికి అది వచ్చే ఉంటుందని నా అనుమానం.

ఇది జరిగి పదిహేనేళ్ళ పైమాటే. ఇప్పుడు అమెరికాలో ఉంటున్నాను, గంజాయిని చట్టబద్ధంగా అమ్మే రాష్ట్రంలో. ఒకరోజు మీటింగ్ మధ్యలో లైట్లు ఆర్పేసి తల పట్టుకు కూర్చుంటే తోటి ఉద్యోగి ఒకాయన చిన్న రేకు డబ్బా నా బల్ల మీద పెట్టాడు. అందులో పది గమ్మీలు, ఒక్కోదాంట్లో 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ. "భయపడకు, ఇది మీ దేశపు మందే కదా. విక్టోరియా రాణి కూడా వాడింది. తర్వాత రాజకీయం చేసి నిషేధించారు" అన్నాడు.

ఆ గమ్మీ నేను తిన్నానా లేదా అన్నది ఈ వ్యాసంలో చెప్పను. ఎందుకు చెప్పనో చివర్లో చెప్తాను. కానీ ఆయన ఒక్క గుక్కలో అనేసిన ఆ నాలుగు మాటలూ నన్ను చాలా నెలలు పాత వైద్యపత్రికల చుట్టూ తిప్పాయి. వాటిలో ఎంత నిజముందో చూద్దామని మొదలుపెట్టాను. చూడబోతే అసలు కథ నిషేధం గురించి కాదు, కొలత గురించి.

"మీ దేశపు మందే" అన్నది చాలావరకు నిజం. ఐరోపా వైద్యులకి గంజాయిని మందుగా గట్టిగా పరిచయం చేసింది కలకత్తా. చేసినవాడు విలియం బ్రూక్ ఓషానెస్సీ అనే ఐర్లండ్ డాక్టరు. 1833లో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఇండియా వచ్చి, కొత్తగా పెట్టిన కలకత్తా మెడికల్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేవాడు. మా ఇంజనీర్లకి ఈయన మరో రకంగా బంధువు. ఇండియాలో టెలిగ్రాఫ్ తీగలు వేయించినవాడు కూడా ఈయనే. 1839లో ఒకపక్క కలకత్తాలో తీగల మీద ప్రయోగాలు చేస్తూ, ఇంకోపక్క గంజాయి మీద తన పెద్ద వ్యాసం ప్రకటించాడు.

ఆ వ్యాసం ఇవాళ చదివినా ముచ్చటేస్తుంది. మొదట ఊళ్ళోవాళ్ళని అడిగాడు. మెడికల్ కాలేజీలో బోధించే మధుసూదన్ గుప్తా, ఏషియాటిక్ సొసైటీ పండితుడు కమలాకాంత విద్యాలంకార్, పారసీ వైద్యం తెలిసిన హకీములు ఆయనకి గ్రంథాలు చూపించారు. రాజనిఘంటువులో ఈ మొక్కకున్న పేర్లు ఆయన రాసుకున్నాడు: విజయ, జయ, తూలిపోయేలా చేసేది కాబట్టి చపల, నవ్వించేది కాబట్టి ఆనంద. ఈ చివరి పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

తర్వాత కుక్క. ఓ మోస్తరు కుక్కకి నేపాలు చరస్ పది గ్రెయిన్లు పెట్టాడు. అరగంటకి అది మత్తుగా తూలింది, పిలిస్తే తోక ఊపింది, పెడితే తిన్నది, ఆరు గంటల్లో మామూలైంది. చేపలు, పిల్లులు, పందులు, కాకులు, రాబందుల మీద కూడా చూశాడు. మాంసం తినే జంతువులన్నీ తూలాయి. గుర్రాలు, మేకలు, ఆవుల్లాంటి మేత మేసేవాటికి ఎంత పెట్టినా పెద్దగా ఏమీ కాలేదు.

ఆ పైన మనుషులు. 1838 నవంబరులో కీళ్ళవాతంతో ఉన్న ముగ్గురు రోగులకి మధ్యాహ్నం రెండు గంటలకి తలా ఒక గ్రెయిన్ గంజాయి బంక, సారాలో కరిగించి ఇచ్చాడు. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. మొదటివాడు నాలుగింటికల్లా గలగలా మాట్లాడుతూ, పాటలు పాడుతూ, ఇంకాస్త అన్నం పెట్టమని కేకలేశాడు. ఆరింటికి నిద్రపోయాడు. రాత్రి ఎనిమిదింటికి వెళ్ళి చూస్తే కదలడు, పలకడు. చెయ్యి పైకెత్తి వదిలేస్తే అలా గాల్లోనే ఉండిపోయింది. అందరూ హడలిపోయారు. కొన్ని గంటల తర్వాత, ఏమీ జరగనట్టే లేచాడు. రెండోవాడికి కూడా ఎఫెక్టు కనబడింది గానీ తక్కువ. మూడోవాడు? అస్సలు ఏమీ లేదు. నిలదీసి అడిగితే, తనకి రోజూ చిలుంలో గంజాయి పీల్చే అలవాటుందని ఒప్పుకున్నాడు.

అదే సీసా, అదే రోజు, అదే మోతాదు, ముగ్గురు మనుషులు, మూడు ఫలితాలు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళలో ఓ పాత జోకుంది, బగ్ ఉందని చెప్తే "నా మెషీన్‌లో పనిచేస్తోందే" అంటాడు రాసినవాడు. గంజాయి వైద్యచరిత్ర ఆ తర్వాత వందేళ్ళూ ఈ జోకే.

ఒక సంగతి. ఓషానెస్సీ రాసిన జబ్బుల్లో వాతం, కుక్కకాటు, కలరా, ధనుర్వాతం, పసిపిల్లల ఫిట్లు ఉన్నాయి. తలనొప్పి లేదు. అది లండన్‌లో చేరింది. ఆయన సెలవు మీద ఇంగ్లండ్ వెళ్తూ సరుకు పట్టుకెళ్ళి పీటర్ స్క్వైర్ అనే మందులాయనకి ఇచ్చాడు. ఆయన దాన్ని సారాలో నానబెట్టి, మరగబెట్టి, పచ్చగా చిక్కటి సారం తీశాడు. అది బజారులోకొచ్చాక డాక్టర్లు కనబడ్డ ప్రతి జబ్బు మీదా ప్రయోగించి చూశారు. చాలా వాటిలో పనిచెయ్యలేదు. మైగ్రేన్‌లో నిలబడింది. 1872లో రిచర్డ్ గ్రీన్ ఒక వైద్యపత్రికలో దీని గురించే వ్యాసం రాశాడు. 1877లో న్యూయార్కులో ఎడ్వర్డ్ సెగిన్, నొప్పి వచ్చినప్పుడు కాకుండా రాకుండా ఉండటానికి రోజూ చిన్న మోతాదులో నెలల తరబడి వాడమన్నాడు. ఇవాళ మా న్యూరాలజిస్టు నాకిచ్చే మాత్రల వెనకున్న ఆలోచన కూడా అదే. 1892లో విలియం ఆస్లర్ రాసిన వైద్య పాఠ్యపుస్తకం, రెండు మూడు తరాల డాక్టర్లు కంఠతా పట్టింది, మైగ్రేన్‌కి బహుశా అన్నిటికంటే మెరుగైన మందు ఇదేనంది.

ఇక విక్టోరియా రాణి. ఇది ఇంటర్నెట్‌లో ఎంత తిరిగిందంటే దీన్ని కాదంటే నన్నే అనుమానిస్తారు. ఆమె ఆస్థాన వైద్యుల్లో జాన్ రసెల్ రేనాల్డ్స్ అనే ఆయన ఉండేవాడు, ఆయన గంజాయి టింక్చరు విరివిగా రాసేవాడు. రెండూ నిజమే. ఈ రెండు నిజాల్ని కలిపి కుట్టేసి, రాణి నెలసరి నొప్పులకి వాడిందన్నారు. ఆయన ఆస్థానంలో చేరింది 1878 ప్రాంతంలో. అప్పటికి రాణికి దాదాపు అరవై ఏళ్ళు! ఆమె వాడిందనడానికి రుజువు ఎవరూ చూపించలేదు.

రాణిని పక్కన పెడదాం. ఈ కథలో నాకు నిజంగా నచ్చినవాడు మాత్రం ఈ రేనాల్డ్సే. 1890లో లాన్సెట్‌లో, ముప్పై ఏళ్ళకి పైగా ఈ మందు వాడిన అనుభవంతో ఒక వ్యాసం రాశాడు. అందులో పొగడ్త ఉంది. నొప్పి వచ్చేలా ఉందనగానే, లేదా మొదలవగానే పుచ్చుకుని ఏళ్ళ తరబడి మైగ్రేన్‌ని అదుపులో పెట్టుకున్న రోగులు ఎందరో తనకి తెలుసన్నాడు. కానీ వ్యాసంలో విలువైన భాగం పొగడ్త కాదు, జాగ్రత్తలు. ఈ మందు ఒక్కో సీసాలో ఒక్కో బలంతో ఉంటుంది. ఒక్కో మనిషి మీద ఒక్కోలా పనిచేస్తుంది. అందుకని అన్నిటికంటే తక్కువ మోతాదుతో మొదలుపెట్టండి. నాలుగు నుంచి ఆరు గంటల లోపు రెండోసారి ఇవ్వకండి. మూడు నాలుగు రోజులకి ఒక్క చుక్క చొప్పున పెంచండి. ఉపశమనం కలిగితే అక్కడ ఆగండి. లేదంటే ఈ మనిషికి ఇది పనికిరాదని తేల్చి వదిలెయ్యండి. ఇలా వాడితే విషలక్షణాలు తానెప్పుడూ చూడలేదన్నాడు.

మూడు రోజులకో చుక్క! ఎంత ఓపిక కావాలి. ఎంతమంది డాక్టర్లకి, ఎంతమంది రోగులకి ఆ ఓపిక ఉంటుంది? అందులోనూ సగం తల పగిలిపోతున్నవాడికి.

"తర్వాత రాజకీయం చేసి నిషేధించారు" అన్న మాట ఇక్కడే తేలిపోతుంది. నిషేధం జరిగింది, అందులో రాజకీయమూ ఉంది. కానీ నిషేధం వచ్చేసరికే డాక్టర్లు ఈ మందుని సగం వదిలేశారు. కారణం చాలా మామూలుది. గంజాయి సారం నీళ్ళలో కరగదు, గ్లాసులో వేస్తే పాలలా విరుగుతుంది. 19వ శతాబ్దం రెండో సగంలో చర్మం కింద గుచ్చే సూది వచ్చింది. మార్ఫీన్ నీళ్ళలో కరుగుతుంది, సూదిలోకి ఎక్కుతుంది, నిమిషాల్లో పనిచేస్తుంది. గంజాయికి ఆ దారి లేదు. 1899లో ఆస్పిరిన్ బజారులోకి వచ్చింది, కొలిచి ఇచ్చే పొడి. 1918లో స్విట్జర్లండ్‌లో ఆర్థర్ స్టోల్ ఎర్గొటమీన్‌ని శుద్ధంగా వేరు చేశాడు. 1920ల్లో దాన్ని మైగ్రేన్‌కి వాడటం మొదలైంది. ఎర్గొటమీన్ ఏమీ సాధువు కాదు. ఎక్కువైతే రక్తనాళాలు బిగుసుకుపోయి వేళ్ళు కుళ్ళిపోతాయి. కానీ ఒక మిల్లీగ్రాము అంటే ఒక మిల్లీగ్రామే. ఈ సీసాకీ ఆ సీసాకీ తేడా ఉండదు.

గంజాయికి అలాంటి మిల్లీగ్రాము లేదు. అందులో పనిచేసే పదార్థమేదో తెలియదు. బెంగాల్లో కోసిన గంజాయి ఓడలో నెలలు ప్రయాణించి, గోదాములో మూలిగి, లండన్ సీసాలోకి చేరేసరికి ఎంత బలం మిగిలేదో దేవుడికే తెలియాలి. 1890ల్లో కేంబ్రిడ్జిలో వుడ్, స్పైవీ, ఈస్టర్‌ఫీల్డ్ ఒక పదార్థాన్ని వేరు చేసి, ఇదే దాని సారమనుకుని కన్నాబినాల్ అని పేరు పెట్టారు. కాదని తర్వాత తేలింది. అప్పుడు మందుల కంపెనీలు ఏం చేశాయో తెలుసా? అమెరికాలో పార్క్-డేవిస్ లాంటి కంపెనీలు ప్రతి తయారీనీ కుక్కలకి పెట్టి, ఎంత పెడితే కుక్క తూలుతుందో చూసి బలం నిర్ణయించేవి. కలకత్తాలో ఓషానెస్సీ కుక్క తూలిన డెబ్బై ఏళ్ళకి కూడా, కొలబద్ద కుక్క తూలడమే.

చట్టాల సంగతి క్లుప్తంగా. 1925లో జెనీవా ఒప్పందం. 1937లో అమెరికాలో మారిహువానా టాక్స్ చట్టం. ఆ చట్టం మీద విచారణలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తరఫున విలియం వుడ్‌వర్డ్ ఒక్కడే గట్టిగా ఎదురు మాట్లాడాడు. 1942లో అమెరికా ఫార్మకోపియా నుంచి గంజాయిని తీసేశారు. వింతేమిటంటే ఆ ఏడాదే, ఆ అసోసియేషన్ పత్రికకి సంపాదకుడు మోరిస్ ఫిష్‌బీన్ నెలసరితో వచ్చే మైగ్రేన్‌కి దీన్నే సూచిస్తున్నాడు. పాత డాక్టరు, చేతికి అలవాటైన మందు.

మరి మన దగ్గర? 1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం గంజాయి మీద ఒక కమిషన్ వేసింది. 1,193 మంది సాక్షులు, ఏడు సంపుటాల నివేదిక. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదు, అతిగా వాడితే ఉంది, పూర్తిగా నిషేధించడం అనవసరం అని తేల్చింది. సర్కారుకి పన్నులొస్తున్నాయి కాబట్టి అలా రాశారనేవాళ్ళున్నారు. కొంత నిజమే అయ్యుండొచ్చు. కానీ సాక్షుల్ని అంత ఓపికగా విన్న కమిషన్లు ఇప్పుడూ తక్కువే. ఆ రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో లైసెన్సు మీద గంజాయి పండించిన చోట్లలో మన సంతరావూరు ఒకటి. ఇప్పటి బాపట్ల జిల్లాలో, చీరాలకి దగ్గర్లోనే. మా అమ్మమ్మ వాళ్ళది ఆ చుట్టుపక్కలే. చిన్నప్పుడు అక్కడ ఎవరి నోటా ఈ మాట వినలేదు.

ఇప్పుడు తెలుగులో గంజాయి అన్నది పోలీసు వార్తల మాట. విశాఖ మన్యం, శీలావతి, చెక్‌పోస్టు, కారు డిక్కీ. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో ఒకే రోజు దాదాపు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. ఆ పొగ వీడియో నాకు నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చింది, నాలుగింటిలోనూ ఒకే రకం జోకులు. మూటలు మోసి దొరికిపోయిన గిరిజన కుర్రాళ్ళ గురించి మాత్రం ఒక్కరూ అనలేదు. 1985 నాటి చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయలున్న కొసలు. కొసలు లేకుండా ఒట్టి ఆకులైతే ఆ నిర్వచనంలోకి రావు. కాశీలో భంగు కొట్లు నడిచేది ఆ సందులోంచే. మందు కోసం, పరిశోధన కోసం అనుమతి ఇవ్వడానికి ఆ చట్టంలోనే వీలుంది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితిలో గంజాయిని అతి ప్రమాదకర జాబితా నుంచి తప్పించే తీర్మానం 27-25తో గట్టెక్కినప్పుడు, ఆ 27లో ఇండియా ఉంది. గంజాయి వనంలో తులసి మొక్క అంటాం కదా, నిఘంటువులు రాసినవాళ్ళకి రెండూ ఓషధులే.

ఓషానెస్సీకీ రేనాల్డ్స్‌కీ చిక్కని మిల్లీగ్రాము చివరికి 1964లో దొరికింది. ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషులం, యెహియెల్ గవోనీ పోలీసులు పట్టుకున్న హషీష్ అడిగి తెచ్చుకుని, దాంట్లోంచి టీహెచ్‌సీని వేరు చేశారు. ఆ పోలీసు సరుకు ఐదు కిలోలు సంచిలో పెట్టుకుని మెషులం మామూలు బస్సులో ప్రయాణం చేశాడు. 1992లో ఆయన బృందమే, మన మెదడు తనంతట తాను తయారుచేసుకునే అలాంటి పదార్థాన్ని కనిపెట్టి ఆనందమైడ్ అని పేరు పెట్టింది. సంస్కృతం ఆనందమే. రాజనిఘంటువు పేరు చుట్టూ తిరిగి ఇలా ఇంటికొచ్చింది.

సరే, కొలత దొరికింది. మరి మైగ్రేన్‌కి పనిచేస్తుందా? రేనాల్డ్స్ తరం వాళ్ళెవరూ చెయ్యని పరీక్ష ఒకటుంది: రోగికీ డాక్టరుకీ తెలియకుండా కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చి చూడటం. మైగ్రేన్ పోటు మీద అలాంటి మంచి పరీక్ష ఫలితాలు 2024లో గానీ బయటికి రాలేదు. కాలిఫోర్నియాలోని శాన్ డియేగోలో నేథనియల్ షూస్టర్ బృందం చేసింది. 92 మంది మనుషులు, 247 పోట్లు. ఆవిరిగా పీల్చే గంజాయి, టీహెచ్‌సీ 6 శాతం, సీబీడీ 11 శాతం కలిపినది. రెండు గంటల్లో నొప్పి తగ్గినవాళ్ళు దాదాపు 67 శాతం. ఉత్తుత్తి మందుతో తగ్గినవాళ్ళు దాదాపు 47 శాతం.

ఈ రెండో అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఏమీ లేని ఆవిరి పీల్చినా సగం మందికి తగ్గింది! గ్రీన్, సెగిన్, ఆస్లర్ చూసిన అద్భుతాల్లో ఎంత భాగం మందుది, ఎంత భాగం నమ్మకానిది, ఎంత భాగం తనంతట తనే తగ్గే నొప్పిది? మా అమ్మ శొంఠి పట్టుకీ ఇదే లెక్క. అయినా 67కీ 47కీ మధ్య తేడా ఉంది, తీసిపారేసేది కాదు. ఒక్క పోటుకి ఒక్కసారి వాడితే అని గుర్తుంచుకోవాలి. నెలల తరబడి వాడితే ఏమవుతుందన్నది ఆ పరీక్ష అడిగిన ప్రశ్న కాదు. అది అడిగినవాళ్ళు వేరే ఉన్నారు: స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 2021లో, దీర్ఘకాలిక మైగ్రేన్ ఉన్న 368 మంది రికార్డులు చూస్తే, గంజాయి వాడేవాళ్ళలో మందులు ఎక్కువవడం వల్ల వచ్చే తలనొప్పి ఆరు రెట్లు ఎక్కువ కనబడింది. గంజాయి వల్ల తలనొప్పి పెరిగిందా, తలనొప్పి ఎక్కువున్నవాళ్ళే గంజాయి పట్టారా? రికార్డులు అది చెప్పవు.

మళ్ళీ ఆ రేకు డబ్బా దగ్గరికి వస్తాను. 10 మిల్లీగ్రాములు అని దాని మీద ముద్ర ఉంది, రేనాల్డ్స్ చూస్తే ఏడ్చేవాడు సంతోషంతో. కానీ ఆ ముద్ర పొట్టలోకి వెళ్ళాక పనిచెయ్యదు. గమ్మీ తింటే ప్రభావం తెలియడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. మైగ్రేన్ పోటులో పొట్ట కూడా మొండికేస్తుంది, లోపలికి వెళ్ళింది నెమ్మదిగా కిందికి దిగుతుంది, అంటే ఇంకా ఆలస్యం. నొప్పితో ఉన్నవాడు గంట చూసి, పనిచెయ్యలేదనుకుని ఇంకోటి వేసుకుంటాడు. తర్వాత రెండూ కలిసి వస్తాయి. గుండె దడ, చచ్చిపోతున్నానేమో అన్న భయం, అత్యవసర విభాగం. 10 మిల్లీగ్రాములు కొత్తవాడికి ఎక్కువే. డాక్టరు పర్యవేక్షణలో మొదలుపెట్టేవాళ్ళు రెండున్నర, కొన్నిసార్లు అంతకన్నా తక్కువతో మొదలుపెడతారు. చిన్న మోతాదు, నాలుగైదు గంటల ఆగుడు, ఒకే సీసా. 1890లో రాసిన చీటీయే.

ఆ చీటీలో లేనివి కొన్ని ఇప్పుడు తెలుసు. నేను వాడే ట్రిప్టాన్ మాత్రలూ గంజాయీ, రెండిటికీ మెదడు రక్తనాళాలు హఠాత్తుగా బిగుసుకుపోయే అరుదైన జబ్బుతో సంబంధం ఉంది. పిడుగు పడ్డట్టు ఒక్క నిమిషంలో శిఖరానికెక్కే తలనొప్పి దాని గుర్తు. అలాంటిది వస్తే ఇంట్లో పడుకోకూడదు. మైగ్రేన్ రాకుండా వాల్‌ప్రోయేట్ వాడేవాళ్ళు సీబీడీ ఎక్కువ మోతాదులో తీసుకుంటే కాలేయం దెబ్బతినొచ్చు. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, తమకి గానీ ఇంట్లో గానీ సైకోసిస్ ఉన్నవాళ్ళు దీని జోలికి పోకూడదు. తీసుకున్నాక కారు నడపకూడదు. ఇవన్నీ నేను మా న్యూరాలజిస్టుని అడిగాను. ఆవిడ చిరాకుపడకుండా చెప్పింది. అడగడానికే నాకు మూడు అపాయింట్‌మెంట్లు పట్టింది.

ఇక తిన్నానా లేదా అన్నది ఎందుకు రాయనో. మా రాష్ట్రంలో గంజాయి కొట్టు మా అపార్ట్‌మెంట్ ఎదురుగానే ఉంది, పక్కన దోసెల హోటల్. కానీ కేంద్ర చట్టం ప్రకారం అది ఇప్పటికీ నేరమే, వలస చట్టం నడిచేది కేంద్రం చేతిలో. గ్రీన్‌కార్డు దరఖాస్తులో మాదకద్రవ్యాల చట్టాన్ని ఎప్పుడైనా అతిక్రమించారా అని అడుగుతారు. వైద్యపరీక్ష చేసే డాక్టరు కూడా అడుగుతాడు. అరెస్టు అవ్వక్కర్లేదు, అవునని ఒప్పుకుంటే చాలు. నాలాంటి తెలుగువాళ్ళు వేలమంది ఏళ్ళ తరబడి ఆ క్యూలో ఉన్నారు. వాళ్ళలో మైగ్రేన్ ఉన్నవాళ్ళు ఎందరో. ఇది మందా నేరమా అన్న ప్రశ్నకి మా వీధిలో ఒక జవాబు, ఆ ఫారంలో ఇంకో జవాబు.

ఆ డబ్బా మర్నాడు మా సహోద్యోగికి తిరిగిచ్చేశాను. ఆయన మూత తీసి లెక్కపెట్టుకోలేదు. పెద్దమనిషి.